వేణుమతి ఒదిగి ఇచ్చిన తోవ

పూర్వం తూర్పు కనుమల నడుమ మేఘదుర్గమనే కోటను రాజధానిగా చేసుకొని నరహరిదేవుడనే ప్రభువు రాజ్యమేలుతుండేవాడు. పరమ శివభక్తుడైన ఆయన, వేణుమతీ నది పుట్టిన శిఖరాన స్వయంభువుగా వెలసిన ఝరేశ్వరస్వామిని సేవించడానికి, అంతవరకు దారే లేని ఆ కొండకు నిట్టనిలువుగా తొమ్మిది వందల మెట్లు తొలిపించాడు. దేహాన్ని కష్టపెట్టని దర్శనానికి ఫలం లేదని, మెట్లెక్కకుండా ఆలయం చేరినవారికి దేశబహిష్కారం తప్పదని శాసనం కూడా చేయించాడు. నాటినుండి వృద్ధులు, గర్భిణులు, చంటిబిడ్డల తల్లులు మొదటి మెట్టుకు పసుపు రాసి, శిఖరంవైపు చేతులెత్తి, కన్నీటితో మరలిపోయేవారు.

ఆ కొండ పాదాన మేదరిపేటలో వెదురుబుట్టలల్లి జీవించే మేదరి కుటుంబమొకటి ఉండేది. ఇంటికి పెద్ద నూకమ్మ ఎనభై యేళ్లు దాటిన వృద్ధురాలు. స్వామికి పూలు చేరవేసే బుట్టలన్నీ ఆమె చేతి అల్లికలే అయినా, ఆ స్వామిని ఆమె ఒక్కనాడూ చూచి ఎరుగదు. ఒక కార్తికమాసంలో జ్వరపడి లేచిన ఆమె, "ఈయేడు సూడకపోతే ఇంక సూడను" అని నిట్టూర్చగా, కోడలు పైడితల్లి మనస్సు కలుక్కుమన్నది.

వెదురుకోసం ఏటి గట్టున చాలా దూరం తిరిగే అలవాటు కలది ఆ కోడలు. "అత్తా, ఈ ఏరు సామి పాదాలకాడే పుట్టింది గదా! నీళ్లు మెల్లగా దిగొచ్చిన తోవలో మనం మెల్లగా ఎక్కలేమా?" అన్నది. ఆమె భర్త అప్పలస్వామి దేశబహిష్కారాన్ని తలచుకొని మొదట జంకినా, తల్లి ముఖం చూచి కాదనలేకపోయాడు.

మరునాడు సూర్యోదయవేళ తల్లి, కొడుకు, కోడలు, ఇద్దరు పసి ఆడపిల్లలు ఏటి వెంబడి బయలుదేరారు. మద్దిచెట్ల చల్లని నీడలో, నదీజలాల గలగలలు వింటూ, పిల్లలు ఉసిరికాయలేరుకుంటూ, అవ్వ అలసినచోటల్లా కూర్చుంటూ, ఇసుకతిన్నె మీద చోడి అంబలి తాగి సేదదీరుతూ సాగిన ఆ నడకలో కష్టమన్నది ఎవరికీ తోచలేదు. కానీ మధ్యాహ్నానికి వారొక ఇరుకు లోయ చేరేసరికి, రెండు ప్రక్కలా నున్నని రాతిగోడలు, వాటి మధ్య నిలువులోతు నీరు అడ్డమైనవి.

"అమ్మా, నిన్ను వీపున మోసుకొని ఈదుతాను" అన్నాడు అప్పలస్వామి.

"నన్ను నువ్వు మోస్తావు. నాలాటి ముసిలోళ్లని ఎవురు మోస్తారురా? నడిచే తోవే కావాల" అని, ఆ వృద్ధురాలు నీటి అంచున నిలిచి నదికి నమస్కరించింది. "తల్లీ! నీ గట్టు వెదురుతోనే నా బిడ్డల్ని పెంచుకున్నాను. నీ నీళ్లే తాగాను. ఒక్క బారెడు పక్కకి ఒదుగమ్మా."

అంతట లోయంతా ఒక గంభీరధ్వని పుట్టింది. బిడ్డకు చోటిచ్చి ప్రక్కకు ఒత్తిగిలిన తల్లివలె వేణుమతి ఎడమ గట్టును విడిచి కుడివైపు కొండను ఒరుసుకొని ప్రవహించగా, పొడి ఇసుకబాట బారెడు వెడల్పున బయటపడింది. అయిదుగురూ పాదాలు తడవకుండా ఆ బాటన నడిచి, ప్రొద్దు వాలకముందే ఆలయం చేరారు.

ద్వారంవద్ద భటులు, మెట్లదారిన కాక ఏటివైపునుండి వచ్చిన వారిని పట్టి, పూజకై వచ్చియున్న ప్రభువు ముందు నిలిపారు. శాసనం ఎరుగవా అని ఆయన ఆగ్రహించగా, నూకమ్మ తల వంచక, "మెట్లు తమరు ఏయించినారు బాబూ. ఏరు సామి ఏసిన తోవ. ఆయన తోవలోనే ఆయనకాడికొచ్చినాం, తప్పా?" అని అడిగింది.

ఏరు ఒదిగి తోవ ఇచ్చిన సంగతి వారు విన్నవించగా ప్రభువు నమ్మక, స్వయంగా లోయలోకి దిగి చూచాడు. ఒదిగిన నదిని, ఇసుకలో అవ్వ అడుగుల ప్రక్కన పసిపిల్లల చిన్ని అడుగులను కాంచాడు. మెట్లెక్కలేక ఏడేళ్లుగా అంతఃపురంలోనే ఉండిపోయిన తన తల్లి ఆ క్షణాన ఆయనకు గుర్తుకు వచ్చింది. తిరిగి వచ్చి, నూకమ్మను ముందు నడిపించి గర్భాలయంలో దర్శనం చేయించి, శాసనాన్ని రద్దు చేశాడు. వారం తిరగకముందే వృద్ధమాతను చేయిపట్టుకొని ఆ లోయబాటన తానే నడిపించి తెచ్చాడు.

నేటికీ ఆ బాటకు నూకమ్మ తోవ అనే పేరు. శ్రావణపు వరదల్లో సైతం నది ఆ ఇసుకబాటను ముంచదు. కుడి కొండను ఒరుసుకొనే పోతుంది. కార్తికమాసం రెండవ సోమవారంనాడు చుట్టుప్రక్కల గ్రామాల కుటుంబాలు పిల్లాపాపలతో ఆ తోవన కొండకు నడుస్తాయి. మేదరిపేటలో అందరికంటె పెద్ద వయసు స్త్రీ ముందు నడుస్తుంది. ఎంతటివారైనా ఆమెను దాటి అడుగు వేయరు. ఆమె కూర్చుంటే వేలమంది జనం కూర్చుంటారు. ఆమె లేచినప్పుడే లేస్తారు.