పన్నెండు చక్రాల అచ్చు

ఇత్తడి వచ్చింది. కొలిమి రగిలింది. సోంబాయి మాత్రం ఇవాళ పోత వద్దంది. ఎందుకో ఉద్ధవ్‌కు అర్థం కాలేదు.

సోంబాయి ఆ కొండల కింద ఇత్తడి పోతపోసే వాళ్లందరికీ గురువు. ఉద్ధవ్ ఆరేళ్లుగా ఆమె శిష్యుడు. మైనంతో వస్తువు చేసి, పైన మట్టి పూసి, మైనం కరిగిపోయిన బోలులో ఇత్తడి పోయడం వాళ్ల పని. నీళ్లు తోడే యంత్రానికి చక్రాలు ఒక్కొక్కటే పోసేవాళ్లు. ఉద్ధవ్ ఒకే అచ్చులో పన్నెండు పట్టేట్టు చేశాడు. నడుమెత్తు అచ్చు.

ఇత్తడి కొనే దారి లేక ఆ ఊహ ఏడాది పాటు ఊహగానే ఉండిపోయింది. సేటును అడిగి రమ్మని పంపింది సోంబాయే. సేటు బాపూరావు నమ్మాడు. ఇప్పుడు జీపు నిండా ఇత్తడితో వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. ఇవాళ పోయకపోతే సరుకు పట్నం తీసుకుపోతానన్నాడు. ఇంత పని నేర్చి ఇంకా అవ్వ కొంగు వదలవా అని నవ్వాడు కూడా. అతను వెళ్లిపోతే ఈ ఎండాకాలం పన్నెండు బావులకు చక్రాలు ఉండవు. ఉద్ధవ్ అచ్చు మళ్లీ మట్టే.

"పైన ఎండింది గద అవ్వా," అన్నాడు.

"చెవి పెట్టు."

అచ్చుకు చెవి ఆనించాడు. లోపల సన్నగా ఏదో వినపడింది. ఎవరో నోరు మూసుకుని ఊపిరి తీస్తున్నట్టు. ఆగింది. మళ్లీ మొదలైంది.

"గాలే," అన్నాడు. వాకిట్లో ఆకు కూడా కదలడం లేదు.

సోంబాయి అతని చెయ్యి పట్టుకుంది. ఇంటి వెనక, ఒకప్పుడు పోతపోసిన పాత కొట్టం దగ్గరికి తీసుకెళ్లింది. ఆరేళ్లలో ఆ తలుపు తెరవగా ఉద్ధవ్ చూడలేదు. మిట్టమధ్యాహ్నం, లోపల చీకటి. చల్లగా ఉంది. ఆమె అతన్ని గోడకు వీపు ఆనించి నిలబెట్టింది. బిడ్డకు చొక్కా కొలత చూసినట్టు భుజాలు సర్దింది. కదలొద్దని చెప్పి వెళ్లి తలుపు బార్లా తెరిచింది.

గోడ మీద ఎండ పడింది. చెవి పక్కన ఏదో మెరిస్తే తల తిప్పాడు. ఇత్తడి చుక్క. గోడలోకి దిగి ఉంది. దాని పక్కన ఇంకొకటి. భుజాల పైన, చంకల కింద, కాళ్ల మధ్య, గోడంతా చుక్కలే. చెయ్యి వెనక్కి పెట్టి తడిమాడు. తన వీపు వెనక ఒక్కటీ లేదు.

ఒక్క అంగలో ఇవతలికి వచ్చాడు. గోడ మీద మనిషంత ఖాళీ అక్కడే నిలబడి ఉంది. తనెంత ఎత్తో అంతే.

"ఎవరవ్వా?"

"నా కొడుకు. వాడూ కొత్త అచ్చే చేసిండు."

"అచ్చు బాగలేకుండెనా?"

"మంచి అచ్చు."

"ఇత్తడి?"

"మంచి ఇత్తడి. ఈ సేటు నాయనే పంపిండు."

ఉద్ధవ్ ఒక చుక్కను వేలితో తాకాడు.

"మరి ఏం తక్కువైంది?"

"నాలుగు దినాలు. లోపల తడి ఉండంగనే పోస్తే అచ్చు పేలింది."

వాకిట్లోంచి సేటు పిలుస్తున్నాడు.  ఉద్ధవ్ వెళ్లి కొలిమి ముందు కూర్చుని, మండుతున్న కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగాడు.