తాయారమ్మ పంతులమ్మ పెట్టిన మూడు ఎన్నికలు

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలు కూడా ఇంకా పుట్టని కాలంలో, నీలగండి అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో వెన్నెలపాడు అనే ఊరు. ఆ ఊళ్లో ఒక బడి. ఆ బడికి తాయారమ్మ అనే పంతులమ్మ. ఆవిడకు పిల్లలు ఇరవై మంది, తల ఒక్కటే. ఆ తల రోజూ సాయంత్రమయ్యేసరికి పోటు పెట్టేది.

ఒకనాడు రాజుగారి చాటింపు వచ్చింది.

"ఇకమీదట ఊరిపెద్దను మేము పంపము. ఎవరి ఊరిపెద్దను వారే ఎన్నుకోవచ్చు. అయితే ఆ ఎన్నుకోవడం ఎలాగో ముందు బడిపిల్లలకు నేర్పండి. పిల్లలకు చేతనైతే పెద్దలకూ చేతనవుతుంది. పున్నమినాడు మంత్రి విశాఖుడు వచ్చి చూస్తాడు. చేతకాని ఊళ్లకు పాత పెద్దే ఉంటాడు."

వెన్నెలపాడు పాత పెద్ద కాలువ నీళ్లన్నీ తన తోటకే మళ్లించుకునేవాడు. మూడేళ్లుగా అందరి పొలాలూ ఎండుతున్నాయి. అందుకే ఊరు ఊరంతా తాయారమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"అమ్మా, మా బతుకులు మీ చేతిలో ఉన్నాయి," అన్నారు రైతులు.

"నా చేతిలో కాదు నాయనా, ఈ కోతిమూక చేతిలో ఉన్నాయి," అని నిట్టూర్చింది తాయారమ్మ.

పాఠంగా చెబితే వాళ్లు వినరు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. చేయించి చూపిద్దామనుకుంది.

"పిల్లలూ, మీలో ఒకరిని బడిపెద్దగా ఎన్నుకోండి. గంట కొట్టేదీ, నీళ్లకుండ దగ్గర వరుస నిలబెట్టేదీ ఆ పెద్దే. ఎవరు కావాలో ఒక్కొక్కరే చెప్పండి."

ఇరవై మందీ తమ పేరే చెప్పారు.

"అందరూ పెద్దలైతే వరుసలో నిలబడేదెవరర్రా?"

"మిగతావాళ్లు!" అన్నారు ఇరవై మందీ.

తాయారమ్మ తల పట్టుకుంది. 'ఎవరి పేరు వారు చెప్పుకోకూడదు' అని బొగ్గుతో గోడమీద రాసింది.

రెండో ఎన్నిక నాడు మోతుబరిగారబ్బాయి వీరేశం మూటెడు బెల్లం తెచ్చి అందరికీ పంచాడు. "వీరేశం కావాలన్నవాళ్లు చెయ్యెత్తండి," అని తాయారమ్మ అనగానే, వాడు వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ గుడ్లురిమి చూశాడు. చేతులన్నీ లేచాయి.

మర్నాటికి బెల్లం అరిగిపోయింది. వీరేశం మాత్రం మిగిలాడు. నీళ్లకుండ దగ్గర ముందు తను, తరవాత తన పలక మోసేవాడు. మిగతావాళ్లకు అడుగున మడ్డి.

"వీడు మాకొద్దు పంతులమ్మగారూ!" అని ఏడుపులు.

"ఎన్నుకున్నది ఎవరు?"

"మేమే. బెల్లం పెట్టాడు. చెయ్యెత్తకపోతే కొడతానన్నాడు."

"మీకు చదువు చెప్పడం కన్నా గేదెలు కాచుకోవడం నయం!" అని పళ్లు కొరుక్కుంది తాయారమ్మ. అయినా గోడ దగ్గరికి వెళ్లి మరో రెండు మాటలు రాసింది. 'ఏదీ పంచకూడదు. ఎవరు ఎవరిని కోరారో ఇంకొకరికి తెలియకూడదు.'

పున్నమి రానే వచ్చింది. మంత్రి విశాఖుడు అరుగు మీద కూర్చున్నాడు. ఊరంతా చుట్టూ చేరింది.

ఈసారి ఇద్దరే నిలబడ్డారు. నేతగాడి కూతురు చిలకమ్మ, పడవవాడి కొడుకు గంగులు.

"చివరి వాళ్లకు కూడా మంచినీళ్లు మిగిలేలా చూస్తాను," అంది చిలకమ్మ.

"ఇంటిగంట కాస్త ముందే కొడతాను," అన్నాడు గంగులు.

తాయారమ్మ కళ్లు మూసుకుంది.

పిల్లలే రెండు కుండలకు సున్నం పూసి, జేగురు రంగుతో ఒకదానిమీద చిలకమ్మకని చిలకను, రెండోదానిమీద గంగులుకని చేపను గీశారు. చిలకకు మీసాలొచ్చాయి. చేపకు కాళ్లొచ్చాయి. ఆ కుండలను దుప్పటి చాటున పెట్టారు. తలకొక చింతగింజ. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, తమకు నచ్చిన కుండలో వేసి వచ్చారు. ఇప్పటి మన ఓటు లాంటిదే.

లెక్క చూస్తే చిలక కుండలో పదకొండు, చేప కుండలో పది. ఈలలు, చప్పట్లు. మంత్రి మెచ్చుకోలుగా తల ఊపాడు.

తాయారమ్మ మాత్రం వేళ్లు మడిచి కూడుకుంది. ఇరవై ఒకటి! పిల్లలేమో ఇరవై మంది. రైతులు ఆశగా తనవైపే చూస్తున్నారు. ఒక్క గింజేగా అనుకుంది. నోరు మూసుకుంది.

"పంతులమ్మగారూ," అంది చిలకమ్మ, "మనం ఇరవై మందిమే కదా, ఒక గింజ ఎక్కువెలా వచ్చింది?"

"నువ్వు గెలిచావు. కూర్చో అమ్మాయ్," అంది తాయారమ్మ గొంతు తగ్గించి.

"లెక్క తప్పితే చెరిపి మళ్లీ చెయ్యమని మీరే కదండీ చెబుతారు!"

అప్పుడు అందరిలోకీ చిన్నవాడు అప్పిగాడు ముందుకొచ్చాడు.

"నాకు చిలకమ్మక్క అంటే రెండింతల ఇష్టం. అందుకే రెండేశాను. ఒకటి నా ఆటగింజ."

జనం గొల్లుమన్నారు. తాయారమ్మకు నవ్వు రాలేదు. అందరినీ మళ్లీ ఎండలో వరుస నిలబెట్టి, మళ్లీ గింజలు పంచింది.

ఈసారి చేపకు పదకొండు, చిలకకు తొమ్మిది.

"నిజం చెప్పిన పిల్లను ఓడించారటర్రా?"

"మళ్లీ ఎండలో నిలబెట్టించింది కదండీ! అందుకే గంగులుకు వేశాను," అన్నాడొకడు.

"ఎవరికి వేశారో చెప్పకూడదని గోడమీద రాసి చచ్చాను కదరా!"

ఇక అంతా అయిపోయిందనుకుంది ఆవిడ. చిలకమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా లేచి, గంట కొట్టే కర్ర తీసి గంగులు చేతికిచ్చింది.

"ఇదిగో గంగులూ. చివరివాళ్లకు నీళ్లుంచు. లేకపోతే వచ్చేసారి ఊరుకోను."

"అలాగే," అన్నాడు గంగులు, సిగ్గుపడుతూ.

తాయారమ్మ మంత్రికి చేతులు జోడించింది. "ఇంకొక్క నెల గడువివ్వండి ప్రభూ. వీళ్లను ఎలాగోలా దారిలో పెడతాను."

"గడువెందుకమ్మా?" అన్నాడు మంత్రి. "పన్నెండు ఊళ్లు తిరిగాను. అన్నిచోట్లా ఒక్క తప్పూ దొర్లలేదు. ఎవరి పేరు చెప్పాలో పంతుళ్లే ముందుగా నూరిపోశారు. తప్పు బయటపెట్టి దిద్దుకున్నది ఇక్కడే. ఓడినవారు గెలిచినవారికి కర్ర అందించిందీ ఇక్కడే. ఈ ఊరికి ఇక మేము పెద్దను పంపము."

రైతులు కేకలు వేశారు. ఆ ఏడే ఊరివాళ్లు తమ పెద్దను ఎన్నుకున్నారు. కాలువ నీళ్లు అందరి పొలాలకూ పారాయి.

ఇక ఆ పున్నమినాటి సాయంత్రమే తాయారమ్మ చిలకమ్మను దగ్గరికి పిలిచింది. "లెక్క తప్పిందని నేనూ చూశానే తల్లీ. చూసి ఊరుకున్నాను."

"తెలుసు పంతులమ్మగారూ. మీరు వేళ్లు మడవడం చూశాను," అంది చిలకమ్మ మెల్లగా.

తాయారమ్మ ఆ పిల్ల తల నిమిరింది. ఇంతలో గంగులు గంట కొట్టనే కొట్టాడు, చెప్పినట్టే కాస్త ముందుగా. పిల్లలంతా అరుస్తూ ఇళ్లకు పరుగెత్తారు.

కాబట్టి పిల్లలూ, గెలిచేది మనమైనా ఇంకొకరైనా సరే, ఎన్నిక నిజాయితీగా జరిగితేనే ఆ గెలుపు అందరిదీ అవుతుంది.