సుంకులమ్మ వేళ్ళు

అనగా అనగా, మన అవ్వలకి వాళ్ళ అవ్వలు చెప్పగా విన్న కాలం. వాగు పక్కన ఒక ఊరుండేది. వానాకాలం వాగు వీధిలోకే వచ్చేది. అందుకని ఇళ్ళన్నిటికీ నడుమెత్తు అరుగులు, అరుగులకి మోకాలెత్తు రాతిమెట్లు.

ఆ ఊళ్ళో సుంకులమ్మ అని ఒకామె. మొగుడు లేడు, పిల్లలు లేరు. గోడలకి మట్టి మెత్తడం ఆమె పని. మట్టి తొక్కేది, గోడ మెత్తేది, గులకరాయితో రుద్దేది. ఆమె రుద్దిన గోడ మీద చీమ పాకితే జారాల్సిందే. వేలి గీత ఒక్కటి కనబడినా అన్నం ముట్టకుండా మళ్ళీ మెత్తేది.

ఒకసారి ఎదురింటి నారెమ్మ, "సుంకులక్కా, మా గోడ మీద నీ వేలి గీత ఉందే" అంది. గీసింది నారెమ్మ కొడుకు. అంతే. ఆనాటి నుంచి సుంకులమ్మ ఆ ఇంటి నిప్పు తేలేదు, ఆ ఇంటి ఉప్పు తినలేదు, ఆ మనిషితో మాటాడలేదు. తప్పు తనది కానప్పుడు తానెందుకు మాటాడాలి?

ఆమెకి తోడు ఒక కుక్క. సంత నుంచి వెంటబడి వచ్చింది. ఒళ్ళు పొడుగు, కాళ్ళు పొట్టి, పొట్ట నేలకి రాసుకునేది. చారలతో బుడమకాయలా ఉందని బుడమ అని పిలుచుకుంది. బుడమ రాతిమెట్లు ఎగిరి ఎక్కేది. ఒకసారి అందేది, ఒకసారి అందేది కాదు. ఒకరోజు వెల్లకిలా పడింది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది.

గొడ్ల వైద్యం తెలిసిన ఓబయ్య వచ్చి నడుము తడిమాడు. "ఆకు కట్టు కడతా, లేస్తుంది. కానీ వదినా, ఇంకోసారి ఎగిరి పడిందంటే మళ్ళీ లేవదు."

"నేను పనికిపోతే దీన్ని ఎత్తేదెవరయ్యా? కింద వదిలితే వాగు. పైన ఉంచితే దూకుతుంది."

"నన్నడిగితే? నేను వైద్యుణ్ణి, మేస్త్రీని కాదు."

మరి మేస్త్రీ ఎవరు? తానే. సుంకులమ్మ రాతిమెట్ల పక్కన పిడకలు మెట్లుగా పేర్చింది. బుడమ కాలు పెట్టింది, పొడయ్యాయి. కుండలు బోర్లించింది. బుడమ కాలు పెట్టింది, దొర్లాయి. మూడోసారి ఎర్రమట్టి తెచ్చింది. గడ్డి తరిగి కలిపింది, కాళ్ళతో తొక్కింది. బుడమ మోకాలు ఎంతో ఒక్కో మెట్టూ అంతే ఎత్తుగా, అరుగు అందేదాకా కట్టుకుంటూ పోయింది. ఆరీ ఆరకముందే గులకరాయితో రుద్దింది. తన చేతి పని కదా, అద్దంలా మెరిసింది.

బుడమ కాలు పెట్టింది. జారింది. ఇంకో కాలు పెట్టింది. జారింది. వెనక్కి తగ్గి, పక్కనున్న రాతిమెట్టు వైపు చూసి, ఎగరబోయింది. సుంకులమ్మ పరుగున పోయి ఒడిసి పట్టుకుంది.

వీధి వీధంతా నవ్వింది. "కుక్కకి మేడ కట్టావు, గృహప్రవేశం ఎప్పుడత్తా?"

నారెమ్మ నవ్వలేదు. తన అరుగు మీద నుంచే అంది. "సుంకులక్కా, దానికి కావలసింది నునుపు కాదు, పట్టు. తడిపి వేళ్ళతో గీకు."

"నిన్నెవరడిగారు?" ఏళ్ళ తర్వాత నారెమ్మతో ఆమె పలికిన మొదటి మాట అది.

"నువ్వడగలేదు. బుడమ అడిగింది."

సుంకులమ్మ నీళ్ళు చల్లింది. మట్టి మెత్తబడింది. చెయ్యి ముందుకు రాలేదు. తన పనిని తాను చెడగొట్టడం ఆ చేతికి తెలియదు. ఒళ్ళో బుడమ వణికింది. ఆమె కళ్ళు మూసుకుని ఐదు వేళ్ళూ ఆనించి ఈడ్చింది. ఒక మెట్టు, మరో మెట్టు, ఇంకో మెట్టు.

ఎండాక బుడమని దించింది. గోళ్ళు గీతల్లో ఆనాయి. బుడమ మెల్లగా ఎక్కింది. పైన నిలబడి, కింద వంగి చూస్తున్న ఆమె నుదురు నాకింది.

వానకి కరిగితే మళ్ళీ మెత్తేది, మళ్ళీ గీసేది. నారెమ్మతో మాత్రం మాట కలపలేదు. పంతం పంతమే.

ఒక చలికాలం సుంకులమ్మ మంచం పట్టింది. అప్పటికి నారెమ్మ మోకాళ్ళూ పోయాయి. రాతిమెట్లు ఎక్కలేక, గంజి ముంత పట్టుకుని పక్కనున్న బుడమ మట్టిమెట్ల మీదుగా వచ్చింది. బుడమ ముందు, ఆమె వెనక.

"కుక్క మెట్లెక్కి వచ్చావా?"

"నా మోకాళ్ళు దానికంటే గొప్పవా అక్కా? తాగు."

"ఆనాటి గీత మీవాడిది."

"మర్నాడే తెలిసింది."

"తెలిసీ చెప్పలేదే?"

"నువ్వు మాటాడితే కదా చెప్పడానికి."

సుంకులమ్మ గంజి తాగింది. "ఉప్పు తక్కువైంది" అంది. నారెమ్మ ఏడుస్తూ నవ్వి, ఇంటికెళ్ళి ఉప్పు తెచ్చింది.

సుంకులమ్మ పోయింది. బుడమని నారెమ్మ తెచ్చుకుని, తన అరుగుకీ అలాంటి మెట్లే కట్టించింది. బుడమ ఎక్కింది. తప్పటడుగుల పిల్లలు ఎక్కారు. నిండు చూలాళ్ళు ఎక్కారు. నవ్వినవాళ్ళు ముసలివాళ్ళై వాళ్ళూ ఎక్కారు.

ఇప్పటికీ ఆ వాగు పక్క ఊళ్ళలో కొత్త ఇంటికి పొట్టిమెట్లు కట్టనిదే పని అయిందనరు. ఇల్లంతా నున్నగా రుద్దుతారు, ఆ మెట్లు తప్ప. తడి ఆరకముందే ఇంటి పెద్దామె వంగి ఐదు వేళ్ళూ ఈడుస్తుంది. గృహప్రవేశం నాడు ముందు ఆ ఇంటి కుక్క ఎక్కాలి, తర్వాతే మనుషులు. అది కింద నిలబడి వెనకాడితే ఎవరూ తొందరపెట్టరు. ఎండ ఎక్కినా, వంట చల్లారినా, చుట్టాలంతా వీధిలో నిలబడే ఉంటారు.

"సుంకులమ్మ వేళ్ళున్నాయి, ఎక్కు తల్లీ" అంటారు.