అప్పలకొండ మాస్టారి సంతకం

అప్పలకొండ మాస్టారికి ఒక పాడు అలవాటుంది. అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు చెబుతారు. ఏట్లో నీరెంత వచ్చిందని అడిగితే, పొద్దుటి ఇడ్లీ గట్టిగా ఉందంటారు. పోనీ ఇడ్లీ గురించే అడిగితే, నల్లరాయి దగ్గర సుడి పక్కకు జరిగిందంటారు. కొండల్లోంచి ఉరుక్కుంటూ దిగే ఆ ఏటి మీద ముప్పయ్యేళ్లుగా జనాన్ని ఎక్కించుకుని రాఫ్టులనే రబ్బరు పడవలు నడిపిన మనిషి కాబట్టి సరిపోయింది గానీ, ఇంకొకరైతే శిష్యులు ఎప్పుడో ఎత్తి నీళ్లలో పడేసేవారు.

నూకరత్నం ఆయన దగ్గర చేరి మూడు సీజన్లయింది. రాఫ్టులకు గాలి కొట్టింది, నెత్తిన మోసింది, చిరిగిన చోట అతుకులు వేసింది. గైడు కావాలనుకున్నవాళ్లు ముందు రాళ్ల మధ్య నీరు ఉరికే ప్రతి ఉరవడినీ ఈది చూపించాలన్నది అక్కడి ఆచారం. ఈదింది, మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి. రాళ్ల సందుల్లోంచి రాఫ్టును సూదిలో దారం ఎక్కించినట్టు తీసుకెళుతుందని తోటివాళ్లే ఒప్పుకుంటారు. ఇంత చేసినా ఆమె శిక్షణ పుస్తకంలో ఆఖరి పేజీ ఖాళీగానే ఉంది. అక్కడ మాస్టారి సంతకం పడితేనే గైడు. నాలుగో ఏడు శిష్యులుగా ఎవరినీ ఉంచుకునే పద్ధతి ఆ రాఫ్టుల క్యాంపువాళ్లకు లేదు. సీజను ముగియడానికి ఇంకా పదిరోజులే ఉన్నాయి.

ఆ పొద్దున్న ఆమె పుస్తకం పట్టుకుని వెళ్లి ఎదురుగా నిలబడింది.

"మాస్టారూ, నాకింకా ఏం రాదో ఆ ఒక్క ముక్కా చెప్పండి. నేర్చుకుంటాను."

మాస్టారు ఊదుకుంటున్న టీ ఒక్క గుక్కలో తాగేశారు. తర్వాత గ్లాసు కింద పెట్టి, "పద, రాఫ్టు దించు. ఇవాళ నువ్వు గైడువి, నేను ప్రయాణికుణ్ని. నన్నేమీ అడక్కు," అన్నారు.

'అడిగితే మాత్రం ఏనాడు చెప్పారు గనక!' అని లోపల్లోపలే పళ్లు నూరుకుంటూ రత్నం ఒడ్డుకు నడిచింది. రాఫ్టులో ఎక్కడానికి మరో నలుగురు శిష్యులు వచ్చారు. ఆమె వరసగా ఒక్కొక్కరి దగ్గరా ఆగి, బకిళ్లు పరీక్షించి, లైఫ్ జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి గుంజి చూసింది. కాస్త వదులుగా ఉంటే పట్టీ లాగి బిగించింది. అందరికంటే చిన్నవాడు చెంగల్రావు, "ఊపిరాడట్లేదక్కా," అని మొత్తుకున్నాడు.

"ఒడ్డున ఆడకపోయినా ఫరవాలేదురా, నీళ్లలో ఆడాలి," అని ఇంకో పట్టు బిగించింది.

చివర మాస్టారున్నారు. రాఫ్టు ముందువైపు కూర్చుని కొండకేసి చూస్తున్నారు. రత్నం చెయ్యి చాపింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. గురువుగారి భుజాలు పట్టుకుని గుంజడమా! బకిల్ పెట్టుకోవడం ఆయనకు తను చెప్పాలా? వంగి ఆయన పాదాలు తాకి, ఆ చేతులు కళ్లకద్దుకుని, వెనక గైడు స్థానంలో కూర్చుంది.

మొదటి ఉరవడి అలవోకగా దాటింది. రెండోదాని చివర రాఫ్టు ఒక్కసారి ఎగిరిపడింది. మాస్టారు తెడ్డుతో సహా నీళ్లలో పడ్డారు. రత్నం నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేసింది. ఒక్క ఉదుటున ముందుకు వెళ్లి, వంగి, రెండు భుజాల దగ్గరా జాకెట్ గట్టిగా పట్టుకుని బలమంతా పెట్టి వెనక్కి లాగింది. వెల్లకిలా రాఫ్టులో పడింది. జాకెట్ చేతుల్లోనే ఉంది. అందులో మాస్టారు లేరు.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. కింద ఉన్నది మూడో ఉరవడి, అంతా రాళ్లే. ఆయన తల ఒకసారి తేలింది, మునిగింది, మళ్లీ ఇంకొంచెం దూరంలో తేలింది. "వెనక్కి తొయ్యండి, వెనక్కి! చెంగల్రావూ, తాడు!" అని గొంతు చించుకుంది. మొదటిసారి విసిరిన తాడు ఆయనకందలేదు. రెండోసారి ఆమే లాక్కుని విసిరింది. ఆయన చేతికి చిక్కింది.

ఒడ్డు చేరాక రత్నం ఆ జాకెట్ తెచ్చి ఆయన ముందు విసిరికొట్టింది.

"ఒక్క బకిలైనా పెట్టుకోలేదు! నాకేం రాదో చెప్పమంటే ప్రాణం మీదకు తెచ్చుకుంటారా? మీకసలు బుద్ధుందా మాస్టారూ?"

నోరు జారిందని తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. ఏడుపూ ఆగలేదు. మిగతా నలుగురూ తలలు వంచుకుని నిలబడ్డారు.

మాస్టారు దగ్గి, తాగిన నీళ్లు కక్కి, చొక్కా అంచు పిండుకున్నారు.

"పెట్టుకున్నానో లేదో చూడ్డానికి గైడుందనుకున్నాను," అన్నారు.

"ఎలా చూడమంటారండీ? మీరు మా గురువుగారు! మీ మీద చెయ్యి వేసి గుంజమంటారా?"

ఆయన ఆమెకేసి చూశారు. మూడేళ్లలో మొదటిసారి, అడిగినదానికే జవాబు చెప్పారు.

"గురువునని నీకు తెలుసమ్మా. ఏటికెవరు చెప్పారు?"