జట్టు మారిన కుందేళ్ళు

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన, ఒక ఆటల మైదానం ఉండేదర్రా. ఏటా వానలు వెనకబట్టాక అక్కడ పందేలు జరిగేవి. కుందేళ్ళు, ఉడుములు, ఉడతలు కలిసి అందుకోసం ఒక కూటమి కట్టుకున్నాయి. దాని పేరు వాగొడ్డు కూటమి. మొదట్లో నెమళ్ళు కూడా ఉండేవి. తోకలు మాసిపోతున్నాయని మానుకున్నాయి. కొన్నాళ్ళు కప్పలు చేరాయి. వాగు ఎండిన ఏడు అవీ మూటాముల్లె సర్దుకున్నాయి. ఈ మూడు జట్లు మాత్రం తాతల నాటి నుంచీ కదల్లేదు.

ఆ కూటమిలో ఒక ఆచారం ఉండేది. ఈ ఏడు ఆఖరున వచ్చిన జట్టే, వచ్చే ఏడు ఏం పందెమో చెప్పాలి. పరుగులో ఓడిన ఉడుములు, "సరే, వచ్చే ఏడు బండ ఎక్కుదాం" అనేవి. బండ మీద జారిపడ్డ కుందేళ్ళు, "ఈసారి మళ్ళీ పరుగే!" అనేవి. ఉడతలకు వంతు వస్తే ఇంకేముంది, చెట్టు! ఓడినవాళ్ళు కూడా ఏడుస్తూ ఇంటికి పోయేవాళ్ళు కాదు.

కుందేళ్ళ జట్టుకు పెద్ద చెంగమ్మ. పరుగులో ఆమెకు తిరుగులేదు. నోటికీ తిరుగులేదు లెండి. ఉడుముల పెద్ద గట్టయ్య ఆమెకు చిన్ననాటి నేస్తం. పందెం రోజున ఆ ఇద్దరూ ఒకర్నొకరు వెక్కిరించుకోకపోతే పందెం జరిగినట్టే కాదు.

ఒక ఏడు బండ ఎక్కుతూ చెంగమ్మ కాలు జారి బురదలో పడింది. అందరూ నవ్వారు. గట్టయ్య మరీను, పొట్ట పట్టుకుని దొర్లాడు. ఎప్పుడూ తనూ నవ్వేసే చెంగమ్మకు ఆ రోజెందుకో ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే కొండవతల నుంచి ఒక దుప్పి వచ్చాడు. పేరు కొమ్ములరాయుడు.

"ఏమమ్మా చెంగమ్మా! అంత పరుగు పెట్టుకుని ఈ బురదలో నీకేం పని? మా కూటమిలో చేరు. దుప్పులు, జింకలు, మనుబోతులు, అంతా పెద్దవాళ్ళమే. మా పందేలు చూడ్డానికి అడవంతా వస్తుంది" అన్నాడు.

అడవంతా అనేసరికి చెంగమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. వస్తానని అక్కడికక్కడే మాటిచ్చేసింది.

సంగతి తెలిసి గట్టయ్య పరుగున వచ్చాడు. ఉడుము పరుగు మీకు తెలుసుగా, వచ్చేసరికి రొప్పుతున్నాడు.

"చెంగీ, వెళ్ళకే. నవ్వింది తప్పే. మీరు పోతే ఈ కూటమి నిలబడదు."

"నీకు కుళ్ళు గట్టయ్యా! నేను పెద్దదాన్నవుతుంటే చూడలేకపోతున్నావు" అంది చెంగమ్మ.

ఎంత మాట! గట్టయ్య వెనక్కి తిరిగి మెల్లగా వెళ్ళిపోయాడు. కుందేళ్ళు కొండ దాటాయి.

మొదటి ఏడు అక్కడ పరుగు పందెం. జింకలు ఒక్క గెంతు వేస్తే కుందేళ్ళకు అది పది గెంతులు. మన కుందేళ్ళు ఆఖరున వచ్చాయి. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

"ఎందుకర్రా ఏడుపు, పిచ్చి మొహాల్లారా! ఆఖరున వచ్చింది మనమేగా? వచ్చే ఏడు ముళ్ళపొదల్లో దూరే పందెం పెడదాం. ఆ కొమ్ములేసుకుని వీళ్ళెలా దూరతారో చూస్తాను!" అంది చెంగమ్మ.

దర్జాగా మైదానం మధ్యకు వెళ్ళి ఆ మాటే గట్టిగా చెప్పింది. అన్ని అడవుల్లోనూ అదే ఆచారం అనుకుంది పాపం!

అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. "ఓడినవాళ్ళు పందెం చెప్పడమేంటమ్మా, విడ్డూరం! ఇక్కడ గెలిచినవాళ్ళదే మాట" అన్నాడు కొమ్ములరాయుడు.

రెండో ఏడూ పరుగే. మూడో ఏడు వాగు దూకడం. కుందేళ్ళు ప్రతిసారీ ఆఖరే. అడవంతా చూడ్డానికి వచ్చిన మాట నిజమే. కానీ కుందేళ్ళు గీత దాటేసరికి జనమంతా లేచి ఇళ్ళకు పోతూ ఉండేవారు.

నాలుగో ఏడు వెళ్ళి చూస్తే మైదానం ఖాళీ. ఒక గోరింక మాత్రం గింజలు ఏరుకుంటోంది.

"దుప్పులూ జింకలూ మనుబోతులూ నది అవతల ఏనుగుల కూటమిలో చేరిపోయాయిగా! మీకు చెప్పలేదూ?" అంది.

చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

చెంగమ్మ తలొంచుకుని వాగొడ్డుకు తిరిగొచ్చింది. మైదానమంతా తుప్పలు. గట్టయ్య బండ మీద ఎండ కాగుతున్నాడు. బాగా ముసలివాడయ్యాడు.

"వచ్చావా చెంగీ, కూర్చో" అన్నాడు.

"ఆ రోజు అనరాని మాటన్నాను గట్టయ్యా. మళ్ళీ మొదలుపెడదాం. బండ పందెమే పెట్టు. నేనే ముందు జారిపడతాను, నీ కడుపారా నవ్వుకో."

గట్టయ్య కళ్ళు చెమర్చాయి. "మీరెళ్ళాక మేమూ ఉడతలూ ఒక ఏడు ఆడాం. ఇద్దరే అయ్యేసరికి రుచి లేకపోయింది. ఉడతలు కోతుల కూటమికి పోయాయి. మా పిల్లలు మొసళ్ళ కూటమికి మాటిచ్చారు. రేపే ప్రయాణం. నన్నొక్కణ్ణీ ఇక్కడ వదలరట. నువ్వొక్క కబురు పంపి ఉంటే ఆపేవాణ్ణే."

"ఏ మొహం పెట్టుకుని పంపను?" అంది చెంగమ్మ. అని భోరుమంది.

తెల్లవారాక ఉడుములు వాగు వెంట వెళ్ళిపోయాయి. చెంగమ్మ మలుపుదాకా సాగనంపి వచ్చింది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక కుందేళ్ళు తుప్పలు పీకి మైదానం బాగుచేశాయి. గీత గీసి పిల్లల్ని నిలబెట్టాయి. అందరికంటే చిన్న కుందేలు అటూ ఇటూ చూసింది.

"అమ్మమ్మా, అన్నీ మనవాళ్ళ చెవులే కనిపిస్తున్నాయి. ఎవరితో పందెం?" అని అడిగింది.

చెంగమ్మ ఉడుములు వెళ్ళిన వాగు మలుపు వైపు తిరిగి చూసింది.

నీతి: మనతో సరిసమానంగా గెలుస్తూ ఓడుతూ ఆడేవాళ్ళు దొరకడమే అదృష్టం. గొప్ప కోసం వాళ్ళను వదిలిపోతే, మనం తిరిగొచ్చేదాకా వాళ్ళు అక్కడే ఉండరు.