గోడకు అతికించిన గాజుముక్క

ఊళ్లో ఎడమచేత్తో తాపీ పట్టేవాడు ఓబులేసు ఒక్కడే. అతడు పూత పూస్తే గోడ నున్నగా మెరుస్తుందని పేరు. ఆ పేరే అతడి కొంప ముంచింది.

వేసవికి ముందు నాగరత్నమ్మ తన ఇంటి నేలమాళిగలో గోడ అడ్డంగా చీలిందని చూపించింది. గురువు హుసేనప్ప మేస్త్రీని ఒక్కమాట అడగొచ్చు. అడిగితే చిన్నతనమనుకున్నాడు. "పైపై బీటేలేమ్మా" అని తేల్చేసి, పూత పూసి వచ్చేశాడు. ఎండలు పోయేదాకా ఆవిడ మనవరాలిని పక్కలో వేసుకుని ఆ గోడవారనే చల్లగా పడుకుంది.

వానలు మొదలయ్యాక పూతతో సహా గోడ మళ్లీ చీలింది. ఈసారి ఆవిడ హుసేనప్పనే పిలిపించింది. పనిముట్ల సంచి మోసుకుంటూ వెనకాలే ఓబులేసు.

ముసలాయన గుండు కట్టిన దారాన్ని పైనుంచి వేలాడదీశాడు. దారం గోడ నడిమికి ఆనుకుంది. కింద మాత్రం రెండు వేళ్ల ఎడం. గోడకు పొట్ట వచ్చింది. బయటికి వెళ్లి, స్నానాల నీళ్లు గోడ పక్కనే ఇంకుతున్నాయని చూసి వచ్చాడు.

"తడిసిన మన్ను లోపలికి తోస్తా ఉంది" అన్నాడు.

తర్వాత పాత పూతను అరచేత్తో నిమిరాడు. తాపీ తిరిగిన జాడ వెంబడే ఆయన చెయ్యి మెల్లగా సాగింది.

"ఇది ఎవురు పూసినారు?"

నాగరత్నమ్మ ఓబులేసు వైపు ఒకసారి చూసింది. తర్వాత గోడ వైపు తిరిగింది.

"ఎవురో... తెలీదు మేస్త్రీ" అన్నాడు ఓబులేసు.

హుసేనప్ప చీలికకు అడ్డంగా పలచని గాజుముక్క పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించాడు.

"గోడ ఇంకా కదులుతా ఉంటే ఇది పగులుతుంది. పాపను పైన పడుకోబెట్టుకో తల్లీ."

ఆ వారమంతా ఓబులేసుకు అన్నం సయించలేదు. ఆవిడ తన పరువు కాపాడింది. తనేమో ఆవిడ మనవరాలి ప్రాణం మీదికి తెచ్చి, పైన పూత పూశాడు. తలుచుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయాడు.

ఎనిమిదో రోజు మేస్త్రీతో వెళ్లేసరికి గాజు రెండు ముక్కలై ఉంది.

"మేస్త్రీ, ఆ పూత నేనే పూసినా. ఆ పొద్దు అబద్ధం చెప్పినా."

నాగరత్నమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు.

హుసేనప్ప సంచిలోంచి సుత్తి తీసి, అతడి ఎడమచేతిలో పెట్టాడు. ఆనాడు ఆయన చెయ్యి ఎందుకంత మెల్లగా సాగిందో ఓబులేసుకు అప్పుడు తెలిసింది. తల ఎత్తలేకపోయాడు.

"పగులు బయటపడింది కదా నాయనా" అన్నాడు హుసేనప్ప. "ఇంక బాగవుతుంది."