ముగ్గురి చేతి ఊరగాయ

కొండవాగుకు ఎగువన, రాతి చరియ కింద ఒక గుహ ఉంది. అందులో ఎలుగుబంట్ల కుటుంబం ఒకటి కాపురం ఉండేది. ముసలి తల్లి నూకాలు, ఆమె కొడుకు కొండయ్య, కోడలు ముత్యాలు. ఇంట్లో ఉన్నది ఆ ముగ్గురే.

ఆ అడవిలో వానాకాలం అంటే అందరికీ గుబులే. వాగు పొంగిందంటే అవతలికి దారి ఉండదు. పుట్టల్లో నీళ్ళు నిండి చెదపురుగులు దొరకవు. తేనెపట్లు తడిసి రాలిపోతాయి. కాయ పండేలోపే కుళ్ళిపోతుంది. అలాంటి రోజుల్లో కూడా ఆ గుహలో కడుపు నిండా తిండి ఉండేదంటే, వేసవంతా ముగ్గురూ నడుం వాల్చకుండా పనిచేయబట్టే.

ముత్యాలు వాగు గట్టున జిగటమట్టి తవ్వి తెచ్చి జాడీలు చేసి కాల్చేది. ఆమె కాల్చిన జాడీలోంచి చుక్క నూనె కారేది కాదు. నూకాలు అడవి మామిడికాయలు, ఉసిరికాయలు తెచ్చి ముక్కలు కోసి, ఉప్పులో ఊరేసి, బండ మీద ఎండబెట్టి, ఇప్పనూనె పోసి కలిపేది. కొండయ్య జాడీ మూతికి మోదుగాకులు కప్పి, నారతో వాసెన బిగించి, తాను అల్లిన వెదురు బుట్టల్లో దించి గుహ లోపల పేర్చేవాడు. ఆయన కట్టిన వాసెనలోంచి చెమ్మ దూరేది కాదు.

పని చేసేటప్పుడు మాటా మాటా అనుకోవడం వాళ్ళకు మామూలే.

“జాడీలు ఇంకా ఆరలేదా కోడలా? ముక్కలు మెత్తబడిపోతున్నాయి” అనేది నూకాలు.

“తొందరపడి కాలిస్తే పగులుతాయత్తా. తర్వాత నన్నే అంటావు” అనేది ముత్యాలు.

అంతలోనే ఇద్దరూ కలిసి కొండయ్య మీద పడేవాళ్ళు, నార ఇంకా నానబెట్టలేదని. సాయంత్రానికి ముగ్గురూ ఒకే ఆకులో తినేవాళ్ళు.

ఆ వాగు దిగువన జంబులింగం అనే నక్క ఉండేవాడు. ఒళ్ళు వంచి పని చేసే అలవాటు లేదు. ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్ళతో ఏదో ఒక వరస కలిపి, వాళ్ళు తినేదాంట్లో ఓ ముద్ద తినేసి వచ్చేవాడు. అంతకుముందు వానలకు పస్తులుండి ఎముకలు తేలాడు. ఈసారి ఎలాగైనా ఎలుగుల జాడీలు తన బొరియకు చేరాలనుకున్నాడు. దొంగతనం చేస్తే కొండయ్య పంజాకు ఒళ్ళు మిగలదు. అందుకని వాళ్ళ చేతే మోయించాలనుకున్నాడు.

ఒకరోజు నూకాలు బండ మీద ముక్కలు ఆరబోస్తుంటే వచ్చి, దూరంగా కూర్చున్నాడు.

“పెద్దమ్మా, నీకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.”

“చెప్పదలచుకునే కదరా వచ్చావు. చెప్పు.”

“వాగవతల దుప్పులు మాట్లాడుకుంటున్నాయి. ముత్యాలు పెట్టిన ఊరగాయ పెళ్ళిళ్ళకు కూడా పనికొస్తుందట.”

నూకాలు చెయ్యి ఆగింది. “ఎవరు పెట్టిన ఊరగాయ?”

“నేనూ అదే అన్నాను. ముత్యాలు పెట్టేదేముంది, పెద్దమ్మది కదా ఆ చెయ్యి అని. వాళ్ళు నవ్వారు. ఆ పిల్లే చెప్పిందట, అత్తకు చూపు ఆనడం లేదు, అంతా నేనే చేసుకోవాల్సి వస్తోందని.”

ఆ రోజు కోడలు మంచినీళ్ళు తెచ్చిస్తే నూకాలు పక్కకు పెట్టేసింది.

మర్నాడు జంబులింగం ముత్యాలు దగ్గరికి వెళ్ళాడు. ఆమె మట్టి తొక్కుతోంది.

“ఎంత కష్టపడుతున్నావు చెల్లెమ్మా. ఇంతా చేస్తే మీ అత్త నోట నీ పేరే రాదు.”

“పేరు దేనికన్నయ్యా, తిండి ఉంటే చాలు.”

“అదీ నిజమే. కాకపోతే ఆవిడ నిన్న ఎవరితోనో అంటోంది, జాడీదేముంది, బురద ఎవరైనా పిసుకుతారు అని. నాకు మనసొప్పలేదు.”

ముత్యాలు కాలు ఆపలేదు. ఇంకా గట్టిగా తొక్కింది.

కొండయ్యకు పెద్దగా చెప్పాల్సిన అవసరం రాలేదు. “వాళ్ళిద్దరూ రుచి నాదంటే నాదని వాదులాడుకుంటున్నారు బావా. వాసెన కట్టేవాడు ఒకడున్నాడని ఇద్దరికీ గుర్తులేదు” అన్నాడు జంబులింగం, అంతే. అది కొండయ్య కడుపులో ఎప్పటినుంచో ఉన్న మాటే.

అది మొదలు ఇంట్లో గిన్నె పెట్టిన చప్పుడు కూడా తగువైపోయింది. ఒకరోజు ముత్యాలు కొత్త జాడీలన్నీ తన వైపుకు లాక్కుంది.

“ఇవి బురదే కదత్తా. నీకెందుకు?”

“ఉంచుకో. ఖాళీ జాడీలు నాక్కుంటూ కూర్చో” అంది నూకాలు.

“మీ ఇద్దరివీ నేను మూత కట్టకపోతే నాలుగు రోజుల్లో బూజే” అన్నాడు కొండయ్య.

ఎటు నుంచి విన్నాడో, జంబులింగం గుమ్మంలోకి వచ్చాడు. “ఇంటి మాట బయటికి పోకూడదు. నేను మీ వాణ్ణే కాబట్టి ఒక దారి చెబుతాను. ఈ ఏడు ఎవరికి వాళ్ళు పెట్టండి. వానలు నడిమికొచ్చాక ముగ్గురివీ రుచి చూసి, ఎవరి చెయ్యో నేను తేలుస్తాను.”

ముగ్గురికీ అది న్యాయంగానే అనిపించింది. ఎవరికి వాళ్ళే గెలుస్తామనుకున్నారు.

“మరి పోయినేడు పెట్టినవి చాలా మిగిలున్నాయి. వాటి సంగతి?” అని అడిగాడు కొండయ్య.

“మంచిమాట అడిగావు బావా. అవి ఇంట్లో ఉంటే, గెలవాలన్న ఆశ కొద్దీ ఎవరో ఒకరు అందులోంచి తీసి ఇది నాదేనని చూపిస్తారు. మీ మీద నాకు అనుమానం లేదు, మీకే ఒకరి మీద ఒకరికి ఉంటుంది. నా దగ్గర దాచండి. తీర్పు అయ్యాక, ఎవరి చేతి రుచి అయితే వాళ్ళకే అప్పగిస్తాను.”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ ఒక్కరికీ మిగిలిన ఇద్దరి మీద నమ్మకం లేదు. అందుకే నక్కను నమ్మారు. పాత జాడీలన్నీ వాళ్ళే మోసుకెళ్ళి, వాళ్ళే అతని బొరియలోకి దొర్లించారు. జాడీ పట్టేంత ఉంది ఆ బొరియ నోరు. ఎలుగు తల పట్టదు.

తర్వాత ఎవరి పని వాళ్ళు మొదలుపెట్టారు. నూకాలు ముక్కలు ఎప్పటిలాగే కమ్మగా కలిపింది. పెట్టడానికి జాడీ లేక తానే మట్టి పిసికి నిప్పులో పెట్టింది. అవి పైకి ఎర్రగా కనిపించినా లోపల పచ్చివే. ముత్యాలు మేలైన జాడీల్లో తన లెక్కన ఉప్పు వేసి కలిపింది. ఒకసారి అత్తను అడుగుదామా అని గుహ లోపలిదాకా వెళ్ళి, అడగకుండానే వచ్చేసింది. కొండయ్య కాయలు తరిగి వెదురు బుట్టల్లో ఆకులు పరిచి నింపాడు. వాసెన మాత్రం భలే బిగించాడు.

వానలు వచ్చాయి. వాగు రెండు గట్లూ మింగేసింది.

ముందు నూకాలు జాడీలు చెమర్చాయి. నూనెంతా నేలపాలై ముక్కలు నల్లబడ్డాయి. ముత్యాలు మూత తీస్తే తెల్లటి నురగ, పులిసిన వాసన. కొండయ్య బుట్టల్లో పురుగులు పాకుతున్నాయి. ఒకరిది చెడిపోయిందని తెలిసినప్పుడు మిగిలిన ఇద్దరూ లోలోపల సంతోషించారు. తమది చూసుకునేదాకా.

రోజుల తరబడి దుంపలు, తడిసిన వేర్లు నమిలాక, ముగ్గురూ వానలోనే జంబులింగం బొరియ దగ్గరికి వెళ్ళారు.

“ఇప్పుడు పందెం ఏమీ లేదు, మా జాడీలు మాకిచ్చెయ్” అన్నాడు కొండయ్య.

జంబులింగం తల బయటపెట్టాడు. ఒళ్ళు నునుపు తేలింది. “అయ్యో బావా, నేనెప్పుడు కాదన్నాను? ఎవరి చేతి రుచో వాళ్ళకిస్తానన్నాను. అది ఎవరిదో మీరే చెప్పండి. ఇప్పుడే దొర్లిస్తాను.”

“కలిపింది నేను” అంది నూకాలు.

“జాడీలు నావి” అంది ముత్యాలు, ఆ మాట నోటి నుంచి ఎలా వచ్చిందో తనకే తెలియకుండా.

“నా మూత లేకపోతే అవి ఇన్నాళ్ళు నిలిచేవా?” అన్నాడు కొండయ్య.

“చూశారా, నేనేం చెయ్యను? మీరు తేల్చుకుని రండి. ఒకరిది ఇంకొకరికిస్తే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది” అని జంబులింగం లోపలికి వెళ్ళిపోయాడు.

వాళ్ళు తడుస్తూ, దారి పొడుగునా వాదించుకుంటూ తిరిగొచ్చారు.

ముసలిదాని ఒళ్ళు ఆ వానకు తట్టుకోలేదు. దుంపలు నమిలే పళ్ళు ఆమెకు లేవు. మూలన ముడుచుకుని పడుకుంది. ఒక పొద్దున కోడలిని పిలిచి పక్కన కూర్చోమంది.

“వెళ్ళి చెప్పు, అది నీ చేతిదేనని. అత్త ఒప్పుకుందని చెప్పు. నాకు పేరొద్దు తల్లీ. కాస్త ఉసిరిముక్క నాలిక మీద పెట్టు చాలు.”

ముత్యాలుకు ఏడుపు ఆగలేదు. “నాది కాదత్తా, నీదే” అంది.

“ఆ మాట ఇక్కడ కాదు, ఆ రోజు అక్కడ అనాల్సింది. మనిద్దరిలో ఎవరన్నా సరిపోయేది. వెళ్ళు.”

ముత్యాలు వర్షంలో పరుగెత్తింది. బొరియ ముందు నిలబడి, అత్త ఒప్పుకుందని, జాడీలు దొర్లించమని కేకేసింది. జంబులింగం నిదానంగా ఒక జాడీ బయటికి తోశాడు. అది తేలిగ్గా దొర్లుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది. తర్వాత ఇంకొకటి. ఒక్కదాంట్లోనూ నాకడానికి కూడా ఏమీ లేదు.

“తినేశావా అన్నయ్యా? అన్నీ?”

“తీర్పు చెప్పాలంటే రుచి చూడొద్దా చెల్లెమ్మా? ఇప్పుడు చెబుతున్నాను విను. అది మీ ముగ్గురి చేతి రుచి. ఒక్కరు తగ్గినా రాదు. నాకు మొదటి జాడీకే తెలిసిపోయింది.”

ఆమె బొరియలోకి చెయ్యి పెట్టింది. భుజం దాకా పెట్టినా నక్క అందలేదు. మట్టి తవ్వింది. లోపల అంతా రాయి.

ఇంటికి వచ్చేసరికి కొండయ్య తల్లి పక్కన కూర్చుని ఉన్నాడు. నూకాలు కళ్ళు మూసే ఉన్నాయి. ముత్యాలు ఉత్త చేతులతో రావడం ఆమె చూడలేదు.

వాన కాస్త తెరిపిచ్చాక ఇద్దరూ గుంత తవ్వి ఆమెను పూడ్చారు. మట్టి కప్పుతూ కొండయ్య అన్నాడు, “ఆ రోజు నువ్వు ఒక్క మాట తగ్గి ఉంటే అమ్మ బతికేది.”

“కన్నకొడుకువి, నువ్వెందుకు తగ్గలేదు?” అంది ముత్యాలు.

అక్కడ వాళ్ళిద్దరి మధ్య పుల్ల పెట్టడానికి ఏ నక్కా లేదు. అయినా తగువు ఆగలేదు. వాగు తగ్గగానే ముత్యాలు పుట్టింటివాళ్ళ కొండకు వెళ్ళిపోయింది. కొండయ్య కొన్నాళ్ళు ఒక్కడే ఉన్నాడు. తర్వాత అతను ఎటు పోయాడో ఎవరూ కనుక్కోలేదు.

కలిసి చేసుకున్నదాంట్లో నాది ఎంత అని వాదన మొదలైన ఇంట్లో, తినడానికి తిండీ మిగలదు, తినేవాళ్ళూ మిగలరు.